ఎమ్మే సేసి ఏటి సేస్తావే?

(తెలుగు భాషా దినోత్సవం నాడు శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం విద్యార్థులకు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికీ, మాస్టార్లకీ, మేడమ్‌లకీ, వెనక బెంచీల్లో అప్పుడే ఫోన్లు తీసేసిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నమస్కారం.

మీరు చదివిన కోర్సు గురించి నాలుగు ముక్కలు చెప్పండి అని నన్ను పిలిచారు. ఆ కోర్సు పేరు మా ఇంట్లో వాళ్ల నోటికి రావడానికే ఆర్నెల్లు పట్టింది. లిబరల్ ఆర్ట్స్, పబ్లిక్ హ్యుమానిటీస్‌లో ఎమ్మే. మా నాన్న ఆమదాలవలసలో ఎవరడిగినా "ఏదో ఆర్ట్స్ అండీ" అని మాట మార్చేసేవారు. నేను బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నానని కొన్నాళ్లు మా వీధిలో ప్రచారం నడిచింది. మా పెద్దమ్మయితే ఓ పెళ్లి భోజనాల్లో, వడ్డిస్తూ వడ్డిస్తూ సాంబారు గరిటె నా విస్తరి మీద ఆపేసి అడిగింది. "బీయస్సీ కంప్యూటర్లు సదివినావు. ఇప్పుడీ ఎమ్మే సేసి ఏటి సేస్తావే?"

పంక్తిలో వాళ్లంతా నా వైపే చూస్తున్నారు. నాకేమీ తోచలేదు. సాంబారు పోయించుకున్నాను.

ముందు పేరు సంగతి చూద్దాం. యూరప్‌లో మధ్యయుగాల విశ్వవిద్యాలయాల్లో ఏడు విద్యలు చెప్పేవారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. వీటినే లిబరల్ ఆర్ట్స్ అన్నారు. లెక్కలు కూడా ఉన్నాయి కాబట్టి ఎంపీసీ వాళ్లు మరీ దూరం జరగక్కర్లేదు. ఆ మాటకి లాటిన్ మూలంలో స్వేచ్ఛ అనే అర్థం ఉంది. ఒకరి కింద బానిసగా లేని మనిషి చదవదగిన చదువన్నమాట. మరి చేతులతో పని చేసేవాళ్ల విద్యలో? వాటిది వేరే పంక్తి. పన్నెండో శతాబ్దంలో పారిస్‌లో సెయింట్ విక్టర్ మఠానికి చెందిన హ్యూ అనే పండితుడు చేతి విద్యలకు కూడా ఏడింటితో ఒక జాబితా రాశాడు. మొట్టమొదటిది వడకడం, నేయడం. వ్యవసాయం, వేట, ఓడ వ్యాపారం ఆ వరసలోనే ఉన్నాయి. వైద్యం కూడా అందులోనే ఉంది! అది చదివిన రాత్రి, ఎంబీబీఎస్ సీటొచ్చిన మా బాబాయి కొడుక్కి హాస్టల్ నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఈ రెండు పంక్తుల సంగతి గుర్తుంచుకోండి, పొందూరు దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక పబ్లిక్ హ్యుమానిటీస్. చరిత్ర, భాష, సాహిత్యం లాంటి చదువుల్ని క్లాసురూములో వదిలేయకుండా మ్యూజియానికి, లైబ్రరీకి, రేడియోకి, ఊరి అరుగు మీదికి తీసుకెళ్లడం. అక్కడున్న వాళ్లతో కలిసి ఆ పని చేయడం. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఈ పేరుతోనే ఎమ్మే నడిచింది. మన దేశంలో అశోకా యూనివర్సిటీ వాళ్ల యంగ్ ఇండియా ఫెలోషిప్ 2011 నుంచి ఉంది. అది లిబరల్ స్టడీస్‌లో ఏడాది పీజీ డిప్లొమా.

పేరు కొత్తదే గానీ పని కొత్తది కాదు. ఇదిగో, ఈ ఫొటోకి ఇందాక మనం దండ వేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు చేసిన పని అదే. 1863లో మనకి దగ్గరలోనే, పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పడానికి చేరారు. చరిత్ర చెప్పుకుని జీతం తీసుకుంటే ఎవరూ అడిగేవాళ్లు లేరు. కానీ కొండ దిగి వచ్చే సవరలనే గిరిజనుల మాట ఆయన చెవిన పడింది. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు. వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్లు. కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకి క్వినైన్ వాడీ వాడీ చెవులు దెబ్బతిన్నాయంటారు. వినడానికి కొండెక్కిన మనిషి వినికిడే పోగొట్టుకున్నారు. ఏటా ఆయన పుట్టిన రోజున, ఆగస్టు 29న, వాడుక భాష గురించి ఇంత మాట్లాడతాం, సవర ఊసు మాత్రం ఎత్తం. నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది.

విజయనగరం సంగతి కూడా ఒకటి చెప్పాలి. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. గిరీశం మాటలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ మొదటి కూర్పు ముందుమాటలో ఒక లెక్క ఉంది, దాన్ని స్కూల్లో గానీ కాలేజీలో గానీ నాకెవరూ చెప్పలేదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా ఒకటి మహారాజా ఆనంద గజపతి రాయించారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అయినా 1034 పెళ్లిళ్లు తేలాయి. అందులో పెళ్లికూతురి వయసు ఐదేళ్లున్నవి 99, నాలుగేళ్లున్నవి 44, మూడేళ్లున్నవి 36, రెండేళ్లున్నవి 6. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ పేజీ నేను చదివింది మా కోర్సు రెండో సెమిస్టర్‌లో. చదివాక నాటకంలో నవ్వే చోట నవ్వు రాలేదు. ఒక జాబితా స్టేజీ ఎక్కేదాకా ఏమేం జరగాలి అన్నదే మాకు ఆ సెమిస్టర్ అంతా పాఠం.

మొదటి సెమిస్టర్ గురించి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. ఇంగ్లీషులో వారానికి వంద పేజీలు చదవాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. సెమినార్‌లో అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడుతుంటే నేను వాటర్ బాటిల్ మూత తీస్తూ పెడుతూ ఉండేదాన్ని. నాలుగు వారాలు నోరు విప్పలేదు. టెన్షన్‌తో ఒకసారి టికెట్ కూడా బుక్ చేసుకున్నాను, ఇంటికొచ్చేద్దామని. ఆ టికెట్ క్యాన్సిల్ చేసిన రోజుకి కారణం పెద్దదేం కాదు. అనువాదం క్లాసులో ఒక తెలుగు సామెత తెచ్చుకుని వివరించమన్నారు. నేను "ఏకు మేకైంది" తీసుకెళ్లాను. ఏకు అంటే ఏంటన్నారు. నాకు తెలీదు! మేకంటే మేకపిల్లే అనుకుంటూ ఇరవై రెండేళ్లు బతికేశాను. తెలుసుకుని వస్తానన్నాను. క్లాసులో నేను ధైర్యంగా అన్న మొదటి మాట అదే.

అలా పొందూరు వెళ్లాను. రైల్లో ఎన్నిసార్లు దాటాం ఆ స్టేషన్ని! దిగింది మాత్రం అప్పుడే.

నేను కూర్చున్న ఇంట్లో ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మంలో వెలుతురు పడే చోట చాప వేసుకుంది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. దువ్వెన పళ్ల కన్నా సన్నటి పళ్ల వరస దానికి. ఆ పళ్లతో గింజ మీది పత్తిని దువ్వుతుంది, చంటిపిల్లకి తల దువ్వినట్టు. నలకా నూగూ రాలిపోయి పోగులన్నీ ఒక పక్కకి పడుకుంటాయి. తర్వాత గింజ తీస్తుంది, దూదిని ఏకుతుంది, వేలెడు పొడుగున చుట్టలు చుడుతుంది. ఆ మెత్తటి దూది చుట్టే ఏకు. నలిగిపోకుండా వాటిని ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, ఒక్కోటీ తీసి రాట్నం మీద వడుకుతుంది. నా అరచేతిలో ఒక ఏకు పెట్టింది. బరువు తెలియలేదు. గోడకున్న మేకు చూపించి, "ఇదీ ఏకు, అదీ మేకు. ఇది అదైపోతే ఏటి సేస్తావు?" అంది. మేక ఎక్కడా లేదు.

వందో నంబరు నూలు వడుకుతారక్కడ. నా బీయస్సీ బుర్ర ఊరుకుంటుందా? వందో నంబరంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే నూలు కట్టలు, వంద తూగాలి. లెక్కేస్తే కిలో నూలు పొడుగు దాదాపు 170 కిలోమీటర్లు. ఇక్కణ్ణించి విశాఖపట్నం వెళ్లినా ఇంకా చాలా మిగులుతుంది. ఆ మాటే ఆవిడతో అన్నాను. రాట్నం ఆపకుండానే, "అంత దూరం నానెప్పుడూ ఎల్లలేదమ్మా" అంది.

మరుసటేడు ప్రాజెక్టుకి అదే ఇంటికి వెళ్లాను. ఎనిమిది రోజులు ఆవిడ మాటలు రికార్డు చేశాను. మొదటి రెండు రోజుల రికార్డింగులో సీలింగు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, అది వేరే కథ. ఆఖర్న మా క్యాంపస్‌లో ఎగ్జిబిషన్ పెట్టాం. గోడంత ఫొటో, ఇయర్‌ఫోన్స్‌లో ఆవిడ గొంతు, పక్కన లేబుల్. అందరూ మెచ్చుకున్నారు, మార్కులు బాగా పడ్డాయి. దాని మీద వేసిన చిన్న పుస్తకం పట్టుకుని సంబరంగా పొందూరు వెళ్లాను.

ఆవిడ మనవడు చదివి వినిపించాడు. ఫొటో తీసిన కుర్రాడి పేరుంది. డిజైన్ చేసినమ్మాయి పేరుంది. నా పేరు రెండుసార్లుంది. ఆవిడ ఫొటో కింద "పొందూరులో నూలు వడికే మహిళ" అని ఉంది.

"నా పేరేదమ్మా?"

పెద్దమ్మా, మాకు రూల్సుంటాయి, మాటలు చెప్పినవాళ్ల పేరు బయట పెట్టకూడదు, మీకు ఇబ్బంది రాకుండా ఉండాలని... ఇలా ఏదో నసిగాను. ఆవిడ నా వైపు చూసి, "నానేటి దొంగతనం సేసినానా, పేరు దాసడానికి?" అంది.

తప్పు రూలుది కాదు. అంగీకార పత్రంలో పేరు వేయొచ్చా, వద్దా అని రెండు గడులున్నాయి. తొందరలో ఆవిణ్ణి అడక్కుండా నేనే ‘వద్దు’ దగ్గర టిక్కు పెట్టేశాను. వేలిముద్ర ఆవిడది, టిక్కు నాది. ఆ రాత్రి హ్యూ గారి రెండు పంక్తులూ గుర్తొచ్చాయి. పుస్తకం పట్టుకున్నవాళ్లకి పేర్లు ఉన్నాయి, రాట్నం పట్టుకున్న మనిషికి లేదు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత అదే గీత మళ్లీ గీసింది నేనే, అదీ ఆ గీత తప్పని క్లాసులో వాదించి వచ్చాక. లేబుల్ మార్పించడానికి మూడు వారాలు తిరిగాను. మార్చారు. ఇప్పుడు ఇక్కడ ఆవిడ పేరెందుకు చెప్పడం లేదంటారా? లేబుల్ మీద వేయమంది, మైకులో చెప్పమనలేదు. అడిగి రాలేదు.

ఈ చదువులో నేను నేర్చుకున్నదంతా ఆ గుమ్మం దగ్గరే తేలింది. ఎవరి దగ్గర విన్నామో వాళ్లకే తిరిగి చదివి వినిపించాలి. వాళ్లు ఔనన్నాకే అది పూర్తయినట్టు.

ఇప్పుడు మీరు నిజంగా అడగాలనుకుంటున్నవి గబగబా చెప్పేస్తాను. సైన్సు, కామర్సు వాళ్లూ రావచ్చా? చాలా చోట్ల రావచ్చు, అయితే ఆ యూనివర్సిటీ నోటిఫికేషన్ చదివే అప్లై చేయండి. మూడేళ్ల డిగ్రీకి పీజీ రెండేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకి ఏడాది పీజీ పెట్టవచ్చని యూజీసీ చెప్పింది. ఎంట్రన్స్ పరీక్షలంటారా, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్. ప్రైవేటులో ఫీజులు లక్షల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్ లేకుండా, ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వెళ్లకండి, ఈ మాట మీ అమ్మానాన్నల ముందు కూడా అంటాను. బోర్డు మీద అదే పేరుండాలని కూడా లేదు. తెలుగు, చరిత్ర, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్యం, ఏ దారిలోనైనా ఈ పనికి చేరుకోవచ్చు. ఉద్యోగాలా? మ్యూజియాలు, ఆర్కైవులు, పబ్లిషింగ్, అనువాదం, స్వచ్ఛంద సంస్థల్లో డాక్యుమెంటేషన్. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా నెట్ గానీ సెట్ గానీ, అంటే లెక్చరర్ల అర్హత పరీక్ష, పాసవ్వాలి. నా మొదటి జీతం మొబైల్ షోరూములో చేసే మా తమ్ముడి జీతం కన్నా తక్కువ. వాడు ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటాడు.

పనికి మాత్రం కరువు లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద డాక్టర్ల రిపోర్టులున్నాయి. డయాలసిస్‌కి వెళ్లిన రోజు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో ఎవరు రాసి పెట్టారు? 2018లో తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి చెట్లకి ఆ తోటల వాళ్లు పిలుచుకున్న పేర్లుంటాయి, తప్పెటగుళ్ల బృందంలో ఒక ముసలాయనకే వచ్చిన పాటలుంటాయి. డిగ్రీ లేకుండానే ఇలాంటి పని చేసి చూపించిన లెక్కల మాస్టారొకరు ఈ ఊళ్లోనే ఉండేవారు. కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం పెట్టారు, ఒక్క తెలుగు కథ కోసమే ఒక లైబ్రరీ. ఈ హాల్లో ఎంతమంది వెళ్లారో చేతులెత్తండి... సరే, దించేయండి.

వచ్చే ఆదివారం పొద్దున్న నేను పొందూరు వెళ్తున్నాను. నలుగురిని తీసుకెళ్లగలను. ఫోన్ చార్జింగ్ ఫుల్‌గా పెట్టుకోండి, ఫ్యాను కింద కూర్చుని రికార్డు చేయొద్దు. అంగీకార పత్రాలు నేనే తెస్తాను. పేరు దగ్గర రెండు గడులూ ఖాళీగా ఉంటాయి, వాళ్లని అడిగాకే పెన్ను తీయండి. ఇక మైకు అటు పంపిస్తున్నాను. చివరి బెంచీలో నీలం చొక్కా తమ్ముడు ఇందాకట్నించి ఏదో అడగాలని చూస్తున్నాడు.