టెక్కలి కాస్తా టెకలి అయిపోయింది! క్లౌడ్‌లో ఫోన్లు అద్దెకి తీసుకుని టెస్టింగ్ | తెలుగు రివ్యూ

నమస్తే అండీ, ఎలగున్నారు అందరూ, శ్రీకాకుళం నుంచి మళ్ళీ మనమే. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం ఈ ఫోన్లు అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళు నాకు కొన్ని నెలల అకౌంట్ ఫ్రీగా ఇచ్చారు, కొంచెం డబ్బులు కూడా ఇచ్చారు. వీడియో అప్‌లోడ్ చేసే ముందు మాకొకసారి చూపించండి అన్నారు, కుదరదండీ అన్నాను, సరే అన్నారు, ఆ ఒక్కదానికి మెచ్చుకోవాలి. పేరు కింద బ్యానర్లో తిరుగుతోంది చూడండి, నేను నోటితో చెప్పను, చెప్తే యాడ్‌లా ఉంటాది.

ఎన్ని ఫోన్లున్నాయి, ఏ ప్లాన్‌కి ఎంత, ఎంతమంది ఒకేసారి వాడొచ్చు, ఇవన్నీ వాళ్ళ సైట్లో ఉన్నాయి, హిందీ చానెళ్ళ వాళ్ళు టేబుల్ వేసి మరీ చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను. అసలు ఏటిది అనేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. ఎక్కడో డేటా సెంటర్లో ర్యాకుల్లో నిజం ఫోన్లు, ఎమ్యులేటర్లు, అంటే కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి ఫోన్లు కాదు, నిజం ఫోన్లే, కేబుళ్ళు పెట్టి ఉంచుతారు, మనం బ్రౌజర్లో లాగిన్ అయితే ఆ ఫోన్ స్క్రీన్ మన లాప్‌టాప్‌లో కనిపిస్తాది, ఇక్కడ మౌస్‌తో నొక్కితే అక్కడ వేలితో నొక్కినట్టు. మన యాప్ అందులో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, సైట్ ఓపెన్ చేసుకోవచ్చు, అంతే.

నేను దేని మీద టెస్ట్ చేశానంటే, పలాసలో జీడిపప్పు హోల్‌సేల్ చేసే ఒకాయనకి ఆర్డర్లు తీసుకునే సైటు, దాంతోపాటు చిన్న యాప్ చేస్తున్నాం. మొత్తం తెలుగులోనే. వాడేది ఎవరంటే టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, ఇటు రాజాం, విజయనగరం కిరాణా షాపులవాళ్ళు. వాళ్ళ ఫోన్లు మీకు తెలిసినవే, గల్లాపెట్టె పక్కన పడుంటాయి, గ్లాస్ పగిలుంటాది, స్టోరేజ్ ఫుల్, అక్షరాలు మాత్రం ఇంతింత పెద్దవి పెట్టుకుంటారు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, ఈ వీడియోలో సగం గొడవ దాని గురించే.

మొదట నచ్చింది చెప్పేస్తా, లేకపోతే వీడు డబ్బులు తీసుకుని తిడతన్నాడు అంటారు. ఐఫోన్. నా దగ్గర ఐఫోన్ లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. కానీ కస్టమర్లు అందరూ ఆండ్రాయిడే అయినా, డబ్బులిచ్చే ఓనర్ చేతిలో మాత్రం ఐఫోన్ ఉంటాది, ఇది మన ఫీల్డులో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన బాధే. ఇన్నాళ్ళూ నేను లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి అందులో ఐఫోన్ సైజు పెట్టుకుని చూసేవాణ్ణి. అది బట్టల షాపులో బొమ్మకి తొడిగిన చొక్కా చూసి మన సైజు సరిపోద్ది అనుకోడం లాంటిది. ఎందుకంటే అక్కడ మారేది స్క్రీన్ సైజు, బ్రౌజర్ చెప్పుకునే పేరు, టచ్, ఇలాంటివే. లోపల నడిచేది క్రోమ్ ఇంజనే, మన లాప్‌టాప్ ప్రాసెసరే. ఐఫోన్లో సంగతి వేరు, మన దేశంలో ఐఫోన్ మీద మీరు క్రోమ్ వేసుకోండి ఫైర్‌ఫాక్స్ వేసుకోండి, కింద నడిచేది మాత్రం ఆపిల్ వాళ్ళ వెబ్‌కిట్ ఇంజనే.

క్లౌడ్‌లో నిజం ఐఫోన్ తెరవగానే రెండు దొరికాయి, అదీ మొదటి పేజీలోనే. ఒకటి, ఫోన్ నంబర్ బాక్సులో నొక్కగానే పేజీ మొత్తం జూమ్ అయిపోయి పక్కకి జరిగిపోతోంది. ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో ఇన్‌పుట్ బాక్సు అక్షరం 16 పిక్సెల్స్ కన్నా చిన్నదైతే అదలాగే జూమ్ చేస్తాది, 16 పెట్టగానే పోయింది. రెండోది, కింద ఉండాల్సిన ఆర్డర్ బటన్ సఫారీ టూల్‌బార్ వెనక్కి వెళ్ళిపోయి కూర్చుంది. కోడులో ఎత్తుకి వంద వీహెచ్, అంటే స్క్రీన్ ఎత్తు మొత్తం, అని రాస్తే, టూల్‌బార్ దాక్కున్నప్పుడు ఎంత ఎత్తు ఉంటాదో ఆ లెక్క తీసుకుంటాది, అది కనిపిస్తున్నప్పుడు మన బటన్ కిందకి పోద్ది. దానికి డీవీహెచ్ అని, అప్పటికి కనిపించే ఎత్తునే తీసుకునే కొత్త కొలత ఉంది, సఫారీలో 15.4 నుంచి, అంటే 2022 నుంచి పనిచేస్తోంది. పాత ఐఫోన్ల కోసం మాత్రం పైన వీహెచ్ లైను కూడా ఉంచండి, తీసేయకండి. ఈ రెండూ నా లాప్‌టాప్‌లో ఎప్పటికీ కనపడేవి కావు. ఆ రాత్రి ఈ సర్వీసుకి గుడి కట్టించాలనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. తెలుగు.

మా మావయ్యకి టెక్కలిలో షాపుంది. మా టెస్టింగ్ అంతా ముందు ఆయన ఫోన్లోనే జరుగుతాది, ఆయనకి తెలిసి కొంత, తెలియకుండా కొంత. సైటు ఓపెన్ చేసి ఊరు సెలెక్ట్ చేసుకో మావయ్యా అంటే, అద్దాలు పైకి జరిపి చూసి, "ఏట్రా ఇది, మా ఊరిని టెకలి అని రాసేవు?" అన్నారు. నేను రాసింది టెక్కలే. ఇదిగో స్క్రీన్ మీద పెడతన్నాను చూడండి, కింద క వత్తు ఉంది కదా, అది బాక్సు అంచుకి తగిలి కోసుకుపోయింది. అరసవల్లి కాస్తా అరసవలి. ఇంగ్లీషు అక్షరం కోసం పెట్టుకున్న లైన్ హైటు, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.2 రెట్లు అలాంటివి, తెలుగుకి చాలదు, మన అక్షరానికి పైన గుడులు కింద వత్తులు, రెండు పక్కలా చోటు కావాలి. దానికి తోడు బాక్సుకి ఎత్తు ఫిక్స్ చేసి, బయటికొచ్చింది దాచెయ్ అని రాస్తే వత్తులు పోతాయి. మామూలు సైజులో సరిగ్గానే ఉంటాది, ఫోన్లో ఫాంట్ సైజు పెంచుకున్నవాళ్ళకే ఇలగ అవుతాది. ఆండ్రాయిడ్ 14 నుంచయితే అక్షరాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. పైగా ఆండ్రాయిడ్‌లో నోటో ఫాంటు, ఐఫోన్లో కోహినూర్, రెండింట్లో వత్తు దిగే లోతు ఒకటి కాదు, ఒకదాంట్లో సరిచేస్తే రెండోదాంట్లో సరిగ్గా ఉంటాదని గ్యారంటీ లేదు.

తెలుగు టెస్టింగ్ అంటే చాలామంది ట్రాన్స్‌లేషన్ చూసి వదిలేస్తారు. అది కాదు బాబూ. శ్రీ అని ఒక్క అక్షరం మనకి, కంప్యూటర్‌కి నాలుగు, శ, పొల్లు, ర, దీర్ఘం. స్త్రీ అంటే ఆరు. పేరు బాక్సులో 20 అక్షరాలే అని లిమిట్ పెడితే మన షాపుల పేర్లు సగంలో ఆగిపోతాయి, ఎందుకంటే ఇక్కడ షాపు పేరు శ్రీ లేకుండా మొదలవదు. పేరు పొడుగైతే కట్ చేసి మూడు చుక్కలు పెట్టే కోడు ఉంటాది చూశారా, అది సరిగ్గా పొల్లు దగ్గర కోసేస్తే శ్రీనివాస కాస్తా శ్ దగ్గర ఆగి చుక్కలైపోద్ది. ఎస్సెమ్మెస్ కూడా అంతే, ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70, ఆపైన రెండో మెసేజ్ కింద బిల్లు. నమ్మనివాళ్ళకి ఒకటి గుర్తుచేస్తా, 2018 ఫిబ్రవరిలో ఏమైందో, ఒక్క జ్ఞా, మధ్యలో కనపడని ఒక క్యారెక్టర్ ఉన్న జ్ఞా, మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు టపటపా పడిపోయాయి. ఐఓఎస్ 11.2.5 మీద. ఆపిల్ వాళ్ళు అదే నెలలో 11.2.6 అని వదిలి సరిచేశారు. అంత పెద్ద కంపెనీకే మన అక్షరంతో చుక్కలు కనపడ్డాయి, మన సైటు ఏపాటి.

సరే, ఇదంతా ఈ సర్వీసుకి ఏటి సంబంధం అంటారా. నాకు కావాల్సింది ఏటంటే, ఫోన్ భాష తెలుగు, ఫాంట్ సైజు అన్నిటికన్నా పెద్దది, తెలుగు కీబోర్డు, ఈ మూడూ పెట్టిన ఫోన్లో నా సైటు చూడాలి. పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, భాష మార్చి, డిస్‌ప్లేలోకి వెళ్ళి సైజు లాగి, కీబోర్డులో తెలుగు డౌన్‌లోడ్ పెట్టి, ఇదంతా మౌస్‌తో, స్క్రోల్ చేస్తే కాసేపు ఆలోచించుకుని కదిలే స్క్రీన్ మీద. చేశాం. అయిపోయిందా? సెషన్ మూసేసి మళ్ళీ తెరిస్తే అన్నీ పోయాయి! ఫోన్ మళ్ళీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, కొత్త పెళ్ళికొడుకులా తయారై కూర్చుంది. ఒకరు వాడిన ఫోన్ ఇంకొకరికి ఇచ్చే ముందు తుడిచేస్తారు, మన డేటా వేరేవాళ్ళకి కనపడకూడదు కదా, ఆ కారణం నాకు అర్థమయింది, నేను కాదనను. కానీ నా సెట్టింగ్స్ మూడు ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసి, ఫోన్ తెరవగానే వేసేయడానికి ఏటి కష్టం? లొకేషన్ మార్చుకోడానికి బటన్ ఉంది, నెట్ స్పీడ్ తగ్గించడానికి బటన్ ఉంది, ఫోన్ అడ్డంగా తిప్పడానికి బటన్ ఉంది, ఫాంట్ సైజుకి లేదు. అంటే వీళ్ళ ఆఫీసులో కళ్ళజోడు పెట్టుకునే మనిషి ఒక్కరూ లేరా! పైగా మనం సెట్టింగ్స్‌లో తిరుగుతున్నంతసేపూ పైన నిమిషాలు తరిగిపోతుంటాయి. సపోర్టుకి రాశాను, మీ సూచన మా టీమ్‌కి పంపాం అన్నారు. ఎక్కడికి పంపారో ఏటో.

ఇంక పేమెంటు. దీని మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది వాళ్ళ తప్పు కాదు. యూపీఐ యాప్‌కి మన నంబరున్న సిమ్ ఆ ఫోన్లోనే ఉండాలి, రిజిస్టర్ చేసేటప్పుడు ఆ సిమ్ నుంచే మెసేజ్ పోవాలి. ర్యాకులో ఉన్న ఫోన్లో నా సిమ్ ఎక్కడుంటాది. కాబట్టి పే బటన్ నొక్కితే ఫోన్‌పే తెరుచుకుంటాదా, డబ్బు కట్టి వెనక్కొస్తే మన పేజీ బతికుందా లేక ర్యామ్ చాలక ఫోన్ దాన్ని చంపేసిందా, ఇది అక్కడ తేలదు. ఓటీపీ కూడా అంతే, నా జేబులో ఫోన్‌కి వస్తాది, చూసి అక్కడ కొట్టాలి, ఆటోమేటిక్‌గా చదువుకుంటోందా లేదా తెలీదు. మన దగ్గర పేమెంట్ టెస్ట్ చేయాలంటే చేతిలో ఫోన్, ఫోన్లో సిమ్, అకౌంట్లో ఒక రూపాయి, వేరే దారి లేదు.

నెట్ స్లో చేసే బటన్ గురించి కూడా గొప్పగా చెప్తారు. మన దగ్గర నెట్ స్లోగా ఉండదండీ, ఉంటే ఉంటాది లేకపోతే లేదు. పలాస నుంచి సోంపేట వైపు రైల్లో వెళ్తూ ఆర్డర్ పెట్టి చూడండి, మందస దగ్గర తిరుగుతాది తిరుగుతాది ఆగిపోద్ది. మనిషేం చేస్తాడు, బటన్ ఇంకోసారి నొక్కుతాడు. సిగ్నల్ రాగానే రెండూ వెళ్తాయి. పది కేజీల గుండ్లు, అంటే విరగని జీడిపప్పు, అడిగినవాడికి ఇరవై కేజీలు దిగాయంటే ఫోన్ నాకే వస్తాది. అందుకే ప్రతి ఆర్డర్‌కీ ఫోన్లోనే ఒక నంబర్ తయారుచేసి పంపుతాం, అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ పక్కన పెట్టేస్తాది. దీన్ని టెస్ట్ చేయడానికి క్లౌడ్ అక్కర్లేదు, ఏరోప్లేన్ మోడ్ ఆన్ ఆఫ్ చేస్తే చాలు, పని సరిగ్గా పట్టుకోవాలంటే రైలెక్కండి.

నేను మామూలుగా ఏం వాడతానో అడుగుతుంటారు కదా. ఇదిగో ఈ డ్రాయర్. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొన్నవి, చుట్టాలు పక్కన పడేసినవి. ఇది బ్యాటరీ ఉబ్బింది, అందుకే వేరుగా పెట్టాను, మీ దగ్గర ఇలాంటిది ఉంటే ఛార్జింగ్ పెట్టకండి. ఇది మూడు జీబీ ర్యామ్, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫోన్ ఇదే, ఇందులో నడిస్తే ఎందులోనైనా నడుస్తాది. అబౌట్ ఫోన్‌లోకి వెళ్ళి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే లాప్‌టాప్ క్రోమ్‌లోంచే ఆ ఫోన్లో పేజీని విప్పి చూడొచ్చు, ఏ బాక్సు వత్తుని కోస్తోందో అక్కడే మార్చి అక్కడే చూసుకోవచ్చు. స్క్రీన్ లాప్‌టాప్‌లో కనపడాలంటే స్క్రీన్ కాపీ అని ఫ్రీ టూల్ ఉంది, పేరు అచ్చులు లేకుండా రాస్తారు, ఎస్ సీ ఆర్ సీ పీ వై అని వెతకండి, 2018 నుంచి ఉంది, ఆండ్రాయిడ్ 5 నుంచి పైవి అన్నీ తీసుకుంటాది, ఫోన్‌ని రూట్ చేయడం, అంటే తాళాలు విప్పి పూర్తి అధికారం తీసుకోవడం, అక్కర్లేదు. ఈ డ్రాయర్లో ఫోన్‌కి పెద్ద అక్షరాలు ఒకసారి పెడితే రేపు కూడా అవే ఉంటాయి, ఎవడూ తుడిచెయ్యడు.

శాంసంగ్ ఫోన్ కావాలంటే వాళ్ళ రిమోట్ టెస్ట్ ల్యాబ్ ఫ్రీగానే ఉంది. యాప్ అయితే గూగుల్ ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్‌లో డబ్బులు కట్టకుండానే రోజుకి 5 టెస్టులు నిజం ఫోన్ల మీద నడుపుకోవచ్చు, దానంతటదే బటన్లన్నీ నొక్కుకుంటూ పోయి ఎక్కడ క్రాష్ అయిందో వీడియో ఇస్తాది. సైట్లకి పనికిరాదు, యాప్‌లకే.

మరి కొనాలా అంటే, మీరు ఇంగ్లీషు సైట్లు చేసే కంపెనీ అయితే, టీమ్ ఉంటే, కొనుక్కోండి, బాగుంది, సెషన్ రికార్డింగు, లాగ్‌లు, అంటే లోపల ఏం జరిగిందో రాసిన చిట్టాలు, చాలా నీట్‌గా ఇస్తాడు. నాలాగ తెలుగులో, ఒక్కడూ కూర్చుని చేసేవాడైతే వద్దు. ఫ్రీ ట్రయల్ నిమిషాలన్నీ ఐఫోన్ కోసమే దాచుకోండి, ముందు డ్రాయర్లో అన్నీ చూసుకుని చివరిరోజు సఫారీలో తెరిచి పైన చెప్పిన రెండూ చూసుకుని బయటికొచ్చేయండి. కింద లింక్ ఉంది, దాన్నుంచి వెళ్తే నాకు కమీషన్ వస్తాది, ట్రయల్ వాడితే రాదు, అయినా ట్రయలే వాడండి. ఆ ఫాంట్ సైజు బటన్ పెట్టిన రోజు నేనే జేబులోంచి డబ్బులు తీసి కట్టి ఇంకో వీడియో పెడతాను.