లైబ్రరీలో అడగాలంటే ఎందుకంత టెన్షన్?

[స్క్రీన్ మీద: పుస్తకం వెన్ను, దాని మీద స్టిక్కర్: 894.8273]

ఈ నంబర్ ఏంటో తెలుసా? తెలియకపోతే ఏం పర్లేదు, మీ క్లాసులో చాలామందికి తెలియదు. కాకపోతే వాళ్ళకు తెలుసని మీరు, మీకు తెలుసని వాళ్ళు అనుకుంటూ ఉంటారు. ఎవరూ అడగరు.

[గ్రాఫిక్: 1986]

అమెరికాలో కాన్‌స్టన్స్ మెలన్ అనే పరిశోధకురాలు రెండేళ్ళ పాటు, సుమారు 6,000 మంది కాలేజీ విద్యార్థులు తమ లైబ్రరీ అనుభవాల గురించి రాసుకున్నవి పరిశీలించి, 1986లో ప్రచురించారు. మొదట్లో లైబ్రరీలో ఎలా అనిపించిందో చెబుతూ, వందకు 75 నుంచి 85 మంది భయం గురించే రాశారు. దీనికే 'లైబ్రరీ యాంగ్జైటీ' అని పేరు పెట్టారు.

భవనం మరీ పెద్దది, ఏది ఎక్కడుందో తెలియదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పైకి చెప్పిన కారణాలు ఇవి. లోపల ఉన్నది వేరు: 'అందరికీ వచ్చు, నాకే రాదు. అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.' చూశారా చిక్కు? టెన్షన్ పోవాలంటే అడగాలి, అడగాలంటేనే టెన్షన్.

[దృశ్యం: రీడింగ్ హాల్, సొంత పుస్తకాలతో కూర్చున్న అభ్యర్థులు]

మన దగ్గర ఇది బయటికి కనిపించదు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్ళండి, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళతో కుర్చీలు నిండి ఉంటాయి. కానీ లైబ్రరీలో కూర్చోవడం వేరు, లైబ్రరీని వాడుకోవడం వేరు.

[మళ్ళీ స్టిక్కర్. అంకెలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

ఇక ఆ నంబర్. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో 8తో మొదలయ్యే వందల వరస సాహిత్యానిది. 894.827 అంటే తెలుగు సాహిత్యం. చివరి 3 కథలు, నవలలు. అక్కడ 1 ఉంటే కవిత్వం, 2 ఉంటే నాటకం. అంతే! ఇదంతా బట్టీ పట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో పుస్తకం పేరు కొట్టి, నంబర్ రాసుకుని, ర్యాక్ దగ్గరికి వెళ్తే చాలు.

[దృశ్యం: కౌంటర్]

నన్నడిగితే ఈ భయం తగ్గించాల్సిన బాధ్యత ముందు కాలేజీదే. ఫస్టియర్ మొదటి వారంలో అందర్నీ గుంపుగా తిప్పి చూపిస్తారు, అప్పటికి ఎవరికీ పుస్తకంతో పని ఉండదు. అదే అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలో చూపిస్తే గుర్తుంటుంది. 'ఈ భయం అందరికీ ఉంటుంది, అడగండి' అని లైబ్రేరియన్ తన నోటితో చెబితే ఇంకా మంచిది. మెలన్ కూడా ఆ మాటే చెప్పారు.

మీ వైపు నుంచి ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి. ఏ టాపిక్, దేనికి, ఎప్పటికి: 'మేడం, డేటా స్ట్రక్చర్స్ మీద సులభంగా ఉండే పుస్తకం కావాలి, నెలాఖరుకి సెమినార్ ఉంది.' ఇలా అడిగితే ఎవరైనా లేచి వచ్చి చూపిస్తారు. ఇంటర్వెల్‌లో ఇష్యూ, రిటర్న్‌ల రద్దీ ఉంటుంది కాబట్టి అప్పుడు వద్దు. నో డ్యూస్ సంతకాల వారం అసలే వద్దు, ఆ వారం టెన్షన్ మేడంకి.