కెనడీ ముద్ర ఉన్న లింకన్ సెంటు: లక్షలొస్తాయా?

నమస్తే అండీ. మాటలు తర్వాత, ముందు ఇది చూడండి. ఫోకస్ అవనివ్వండి... ఆ, వచ్చింది. అమెరికా ఒక సెంటు నాణెం. రాగి రంగు, 19 మిల్లీమీటర్లు, మన పాత పైసలంత బుల్లిది. లింకన్ కుడివైపు చూస్తుంటాడు, అది మామూలే. ఆయన ముక్కుకి ఎదురుగా ఇంకో చిన్న తలకాయ ఉంది, కనిపిస్తోందా? కెనడీ అండీ. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టు లేదూ!

న్యూజెర్సీలో ఉండే మా బావ పోయిన నెల వస్తూ తెచ్చాడు. అక్కడేదో పాత సామాన్ల సంతలో మూడు డాలర్లు పెట్టి కొన్నాడట. "టంకశాలలో పొరపాటున పడిందట బావా, లక్షలు పలుకుతుందట" అని నా చేతిలో పెట్టాడు. నేను దాచుకోకుండా చెప్పేస్తున్నా. లక్షలు కాదు కదా, ఆ మూడు డాలర్లు తిరిగొచ్చినా గొప్పే.

పొరపాటు ఎందుకు కాదంటారా? లైటు పక్క నుంచి వేస్తా, చూడండి. లింకన్ ఉబ్బెత్తుగా ఉన్నాడు. కెనడీ చుట్టూ మాత్రం లోహం లోపలికి నొక్కుకుపోయింది, ఆ గుంట అంచున నీడ పడుతోంది. ఇప్పుడు నాణేన్ని కింది నుంచి పైకి తిప్పుతా. అమెరికా నాణేలు అలా తిప్పితేనే వెనకవైపు బొమ్మ నిటారుగా వస్తుంది. వెనక లింకన్ మెమోరియల్, అంటే ఆయన స్మారక భవనం బొమ్మ ఉంది. సరిగ్గా కెనడీ వెనకాల పడే చోట, కుడి పక్క స్తంభాలు చదునైపోయాయి. అంటే నాణెం టంకశాల దాటి బయటికొచ్చాక ఎవరో దిమ్మె మీద పెట్టి, పైన పంచ్‌తో, అంటే బొమ్మ చెక్కిన అచ్చుతో నొక్కారన్నమాట. దీన్నే కౌంటర్‌స్టాంప్ అంటారు. నాణేలు పరీక్షించి స్థాయి చెప్పే గ్రేడింగ్ వాళ్ల లెక్కలో ఇది దెబ్బతిన్న నాణెం.

మరి లింకన్ పక్కన కెనడీయే ఎందుకంటారా? 1963లో కెనడీ హత్య జరిగాక అమెరికాలో ఒక పోలికల జాబితా ఊరూరా తిరిగింది. లింకన్ కాంగ్రెస్‌కి గెలిచింది 1846లో, కెనడీ 1946లో. అధ్యక్షులుగా ఎన్నికైంది 1860లో ఒకరు, 1960లో ఇంకొకరు. ఇద్దరికీ తూటా తగిలింది శుక్రవారమే, ఇద్దరి తర్వాతా గద్దెనెక్కింది జాన్సనే. ఇవన్నీ నిజమే. లింకన్ కార్యదర్శి పేరు కెనడీ అని కూడా కలిపారు, దానికి మాత్రం ఆధారం లేదు. ఈ జాబితా అచ్చేసిన అట్టకి ఇలా కెనడీ ముద్ర కొట్టిన సెంటు తగిలించి అమ్మేశారు. కుప్పలు తెప్పలుగా చేశారు కాబట్టి ఇప్పటికీ ఒకటి రెండు డాలర్లకే దొరుకుతుంది. లింకన్ నోట్లో పైపు పెట్టినవి, రాష్ట్రాల మ్యాపులు కొట్టినవి, అన్నీ ఇదే బాపతు.

అలాగని ముద్ర పడ్డ ప్రతి నాణేన్నీ తీసిపారేయకండి. బ్రిటన్‌లో 1903 నాటి పెన్నీ ఒకటుంది. ఎడ్వర్డ్ రాజుగారి మొహం మీదే, ఒక్కో అక్షరం సుత్తితో కొట్టి, 'ఆడవాళ్లకు ఓటు' అని ఇంగ్లీషులో అచ్చుగుద్దారు. అప్పట్లో అక్కడ నాణెం పాడుచేయడం నేరం. అయినా కొట్టారు. పెన్నీయే ఎందుకంటే, చిల్లర కాబట్టి చేతులు మారుతూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఏరి వెనక్కి తీసుకునే ఓపిక ఎవరికుంటుంది? అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, నాకు దాని అందమే అది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మన దాకా వస్తే గౌతమీపుత్ర శాతకర్ణి. క్షత్రప రాజు నహపాణుణ్ణి ఓడించి, అతని వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 13 వేలకు పైగా నాణేలు బయటపడితే, అందులో ఎక్కువ భాగం ఇలా తిరిగి ముద్ర పడ్డవే. ఎవరు గెలిచారో నాణెం చూస్తేనే తెలిసిపోయేది.

తేడా అక్కడుందండీ. ఇవి ముద్ర పడ్డాక జనం చేతుల్లో తిరిగాయి, ఒక పని చేశాయి. మా బావ సెంటు అట్ట మీద నుంచి సొరుగులోకి వెళ్లింది, అంతే. ఇంకో జాగ్రత్త. పంచ్ తయారుచేయడం పెద్ద విద్యేం కాదు. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్పానిష్ డాలర్లనే వెండి నాణేల మీద జార్జి రాజు చిన్న తల కొడితే, వెంటనే దొంగ ముద్రలు దిగిపోయాయి. ఈ కాలంలో ఆపుతారా? కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. నాణెం అరుగుదల, ముద్ర అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో భూతద్దం పెట్టి చూడండి. అరిగిపోయిన నాణెం మీద నిన్న కొట్టినట్టు పదునుగా ముద్ర ఉంటే నేనైతే వెనక్కిచ్చేస్తా.

"మీ నాణేనికి పది లక్షలు, ముందు కమిషన్ కట్టండి" అని ఫోన్లొస్తే కట్ చేసేయండి. 2021లో రిజర్వ్ బ్యాంకే తన పేరు వాడుకుంటున్నారని హెచ్చరించింది.

నిన్న బావకి ఇదంతా ఫోన్లో చెప్పా. కాసేపు మాట్లాడలేదు పాపం. "పోనీలే బావా, ఆ అట్టతో సహా ఉంటే చూడ్డానికి బాగుండేది, కొనేవాళ్లు కూడా అలాగే అడుగుతారు" అన్నా.

"అట్టా? ఉండేది బావా. పాత చెత్త కదా అని కొన్నచోటే చించి పారేశా" అన్నాడు.