315 బోర్ మీద ఎందుకింత చిన్నచూపు?

యాంకర్: అడవి పందుల మీద ఇదే స్టూడియోలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ వాటిని కొట్టే 315 బోర్ రైఫిల్, దాని తూటా సంగతి. గొట్టం లోపలి వెడల్పు 0.315 అంగుళం, అంటే 8 ఎంఎం, అందుకే ఆ పేరు. ముందే చెప్పేస్తున్నా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంట పాడుచేస్తున్నాయని 11వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అనుమతి వస్తేనే కాల్చాలి. మనతో పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసుకునే ఉద్యోగిగా రిటైరైన ఒకరు, అలా అనుమతి తీసుకుని కాల్చే షూటర్ ఒకరు, ఆదిలాబాద్ వైపు నుంచి మొక్కజొన్న రైతు ఒకరు ఉన్నారు. ఆర్మరర్ గారూ, 315 బోర్ అంటే జనానికి గుర్తొచ్చేది క్రైమ్ వార్తలే కదండీ?

ఆర్మరర్: అదే నా బాధ. యూపీ, బిహార్‌లలో దొంగచాటుగా చేసే కట్టాల్లో, అంటే నాటు పిస్తోళ్లలో ఈ తూటా పెడతారు. పైపు ముక్కతో చేసిన కట్టా పేలి చెయ్యి పోతే అది తూటా తప్పా?

షూటర్: చెడ్డపేరు అలా ఉంచండి సార్. పాతకాలంది కాదంటారా? 1888లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం కోసం పుట్టింది.

ఆర్మరర్: పాతదే. మాన్లిషర్ తూటా. మన దేశానికి ఎందుకొచ్చిందో చూడండి. సైన్యం వాడే 303 తూటాని బ్రిటిష్ వాళ్లు జనం చేతికి ఇవ్వదలచుకోలేదు. సైన్యం తూటా పట్టని రైఫిల్ కావాలి. అప్పుడు బర్మింగ్‌హామ్ బీఎస్ఏ కంపెనీ బ్రిటిష్ సైన్యం వాడే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌నే ఈ 8 ఎంఎం తూటాకు చేసి అమ్మింది. తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ అదే బాట పట్టింది. తూటా ఎంపికలో భయం ఉంది కానీ, తూటాలో లోపం లేదు.

(జేబులోంచి మందు తీసేసిన రెండు డమ్మీ తూటాలు తీసి బల్ల మీద నిలబెట్టారు.)

రైతు: గిది మొద్దుగ ఉందేంది సార్? అది సూది లెక్కుంది.

ఆర్మరర్: మొద్దుగా ఉన్నదే 315. బుల్లెట్ బరువు 244 గ్రెయిన్లు, 16 గ్రాములకు కాస్త తక్కువ. కొసన సీసం కనపడుతోంది చూడండి, తగలగానే అది విచ్చుకుంటుంది. ఆ సూదిలాంటిది 30-06 అనే ఇంకో రకం రైఫిల్ తూటా, దాని బుల్లెట్ 180 గ్రెయిన్లు. దాని వేగం సెకనుకు 800 మీటర్ల పైచిలుకు. మన 315ది 600 పైచిలుకు.

షూటర్: శక్తిలో దాదాపు పావు వంతు తక్కువ. 100 మీటర్లకు సైటు సరిచేసి 200 మీటర్లలో కాలిస్తే మీ తూటా జానెడున్నర దిగిపోతుంది.

ఆర్మరర్: దిగుతుంది, కాదనను. మీరు పోయిన సీజన్‌లో కొట్టిన పందుల్లో 200 మీటర్లవి ఎన్ని?

షూటర్: (నవ్వుతూ) ఒక్కటీ లేదు. మహా అయితే డెబ్బై.

రైతు: డెబ్బై యాడిది సార్! మక్క చేన్ల పక్క మనిషే కనపడడు. చప్పుడు విని లైటు ఏస్తే పది గజాల్లనే ఉంటది.

ఆర్మరర్: విన్నారా? పది గజాల్లో ఆ వేగం ఏం చేసుకుంటాం? బరువున్న తూటా పంది భుజం ఎముక దాటి లోపలికి దిగాలి, అంతే.

యాంకర్: కంకులూ కొమ్మలూ అడ్డొచ్చినా బరువైన తూటా దారి తప్పదంటారు...

షూటర్: వట్టి మాట.

ఆర్మరర్: వట్టి మాటే. కొమ్మ తగిలితే ఏదైనా తప్పుతుంది. నాకిష్టమని లేని గుణం అంటగట్టను.

షూటర్: నా గొడవ అసలు రైఫిల్‌తో సార్. నా చేతికొచ్చిన పాతదానికి ట్రిగ్గర్ లాగాలంటే వేలు నొప్పి. టెలిస్కోప్ బిగించాలంటే తంటా.

ఆర్మరర్: దాన్ని మంచి మెకానిక్‌కి చూపించండి. తూటాని మాత్రం తిట్టకండి.

రైతు: మా ఊళ్ల కరెంటు తీగలు పెడుతున్నరు. పందితో పాటు మనుషులూ పోతున్నరు. దానికన్న ఇది నయం గద. సార్, ఈ డమ్మీ నేనుంచుకోనా?

ఆర్మరర్: వద్దు పెద్దాయనా, ఇటివ్వండి. బస్టాండులో చెకింగ్‌లో దొరికితే డమ్మీ అని ఎవరు వింటారు? రేపు పేపర్లో '315 బోర్ తూటాతో పట్టుబడ్డ రైతు' అని వేస్తారు.