అరకు లోయలో సైకిల్ టూరింగ్: ఏ ఘాట్ ఎక్కాలి, ఏ ఘాట్ దిగాలి?

అందరికీ నమస్కారం. అరకు మీద సైకిల్ వీడియోలు మీరు చాలానే చూసి ఉంటారు. విశాఖలో చీకటితోనే బయల్దేరడం, ఘాట్ ఎక్కడం, అరకులో బొంగు చికెన్ తిని వెనక్కి తిరగడం. చాలావరకు అక్కడితో అయిపోతాయి. నన్నడిగితే సైకిల్ తొక్కేవాళ్ళకి అసలు దారి అరకు దాటాకే మొదలవుతుంది. అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి... సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున కొండల మధ్య పరుచుకున్న దారి ఇది. ఈ వీడియోలో ఆ దారి గురించే ఎక్కువ చెప్తాను. ఎక్కే ఘాట్, దిగే ఘాట్ ఏవైతే బాగుంటాయో కూడా చెప్తాను.

ముందు మ్యాప్ చూడండి. మైదానం నుంచి పైకి ముఖ్యంగా మూడు దారులున్నాయి. శృంగవరపుకోట, అంటే ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకుకి ఒకటి. చోడవరం, మాడుగుల వైపు నుంచి పాడేరుకి ఇంకొకటి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి మూడోది. నా సలహా ఏంటంటే అనంతగిరి ఘాట్ ఎక్కండి, లంబసింగి ఘాట్ దిగండి. విశాఖలో మొదలుపెట్టి మళ్ళీ విశాఖ చేరితే మొత్తం సుమారు 330 కిలోమీటర్లు. దీన్ని మూడు రోజుల్లో ముగించేవాళ్ళు ఉంటారు. మీరు మాత్రం అయిదు రోజులు పెట్టుకోండి. ఎందుకో వీడియో చూస్తుంటే మీకే తెలుస్తుంది.

అనంతగిరి ఘాట్ మరీ నిలువుగా ఉండదు, కానీ తెగదు. ఎస్.కోట, బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. టైడా వచ్చేసరికి అడవి చిక్కబడుతుంది. ఆ తర్వాత అనంతగిరి, ఆపైన గాలికొండ. చిన్న గేర్‌లో ఒకే లయలో తొక్కుతూ పోవాలి. ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఎక్కుడు కాదు, ట్రాఫిక్. శని, ఆదివారాల్లో టూరిస్టు కార్లు మలుపుల్లో కూడా ఓవర్‌టేక్ చేస్తాయి. అందుకే వారం మధ్యలో వెళ్ళండి. ముందు రోజు సాయంత్రానికే ఎస్.కోట చేరి అక్కడ పడుకుంటే, తెల్లారగానే చల్లటి వేళలో ఘాట్ మొదలుపెట్టొచ్చు.

దారిలో బొర్రా గుహల వైపు రోడ్డు చీలుతుంది. అక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. గుహలు చూడదగ్గవే, అందులో సందేహం లేదు. కానీ లోడు వేసిన సైకిల్‌తో కిందికి దిగితే, దిగినదంతా మళ్ళీ ఎక్కాలి. అదే రోజు అరకు చేరాలనుకుంటే గుహలు వదిలేయండి. అనంతగిరిలో రాత్రి ఆగేవాళ్ళయితే తప్పకుండా వెళ్ళండి.

గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కాసేపు ఆగండి. ఒంటి మీద చెమట ఉంటుంది, పేరుకు తగ్గట్టే అక్కడ గాలి గట్టిగా కొడుతుంది, కాబట్టి ముందే జాకెట్ వేసుకోండి. అక్కడి నుంచి సుంకరమెట్ట మీదుగా అరకు దాకా ఎక్కువగా దిగుడే. రెండు వైపులా ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. చలికాలంలో వెళ్తే పండిన ఎర్రటి కాయలు కోస్తూ, కళ్ళాల్లో ఆరబోస్తూ కనిపిస్తారు. ఆ కాయ పండించిన ఊళ్ళోనే ఆగి ఒక గ్లాసు కాఫీ తాగండి.

అరకు టౌన్ గురించి ఎక్కువ చెప్పను. గదులు, హోటళ్ళు, ఏటీఎంలు, పంక్చర్ షాపులు అన్నీ ఉంటాయి. డబ్బు, మందులు, బిస్కెట్లు అక్కడే సర్దుకోండి. సంత జరిగే రోజు పడితే మాత్రం తొందరపడకండి, ఒక పూట సంతకే ఇచ్చేయండి.

ఇప్పుడు అసలు దారికొద్దాం. అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. అంకె చూసి మధ్యాహ్నానికల్లా చేరిపోతాం అనుకుంటారు. దారి ఎక్కడా చదునుగా ఉండదు. చిన్న ఎక్కుడు, చిన్న దిగుడు, వాగు మీద వంతెన, మళ్ళీ ఎక్కుడు. కాళ్ళు అలిసేది ఇక్కడే. చాపరాయి దగ్గర వెడల్పాటి రాతి పలక మీద నీళ్ళు పారుతుంటాయి. అక్కడ దిగి కాళ్ళు తడుపుకోవచ్చు, కానీ నాచు మీద జారతారు, జాగ్రత్త.

నవంబరు, డిసెంబరులో వెళ్తే వలిసె పూలు. కొండవాలు పొలాలన్నీ పసుపు పచ్చగా పూసి ఉంటాయి. కారులో వెళ్ళేవాళ్ళు ఒక పొలం దగ్గర దిగి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. సైకిల్ మీదైతే గంటల తరబడి ఆ పూల మధ్యే వెళ్తుంటాం. తేనెటీగల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఈ ఒక్క ముక్క కోసమే నేను ఈ రూట్‌కి అంత ఎక్కువ మార్కులు వేస్తున్నాను. ఒక్కటే విన్నపం. ఆ పొలం ఒక గిరిజన రైతుది, ఆ పూల నుంచే నూనె గింజలు రావాలి. ఫోటో కోసం తొక్కుకుంటూ లోపలికి వెళ్ళకండి. పనిలో ఉన్న ఆడవాళ్ళను అడగకుండా వీడియో తీయకండి.

పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. రాత్రి ఆగడానికి సరిపోతుంది. అక్కడి నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి వెళ్ళాలి. మ్యాప్‌లో రూట్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ జి.మాడుగుల కొండ మీది ఊరు. హల్వాకి పేరున్న మాడుగుల కింద మైదానంలో ఉంది. పేరు సరిగ్గా చూసుకోకపోతే ఫోన్ మిమ్మల్ని పాడేరు ఘాట్ దింపేస్తుంది.

అరకు నుంచి లంబసింగి దాకా మనం వెళ్ళేది చాలావరకు 516ఈ జాతీయ రహదారి. వెడల్పు చేసే పనుల వల్ల కొంత దూరం నున్నటి కొత్త తారు, ఆ వెంటనే కంకర, దుమ్ము. సన్న టైర్ల రోడ్ బైక్ ఇక్కడ పనికిరాదు. 35 మిల్లీమీటర్లు, కుదిరితే 40 మిల్లీమీటర్ల టైర్లు వేసుకోండి. ఊళ్ళ మధ్య ఫోన్ సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడ్డాక తొక్కే ఆలోచన వద్దే వద్దు.

చింతపల్లిలో తప్పకుండా ఆగండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన మొదటి పోలీస్ స్టేషన్ చింతపల్లిదే. మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. ఇక్కడి నుంచి మనం లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగబోయే దారికీ ఆ తిరుగుబాటుకీ సంబంధం ఉంది. బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఈ ప్రాంతంలో రోడ్డు పనులకు గిరిజనుల్ని బలవంతంగా తెచ్చి, సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. పోడు వ్యవసాయం మీద ఆంక్షలకు ఈ వెట్టి తోడై మన్యం భగ్గుమంది. కొండ రోడ్డు వేయడం ఎంత కష్టమో సైకిల్ తొక్కేవాడికి ఒళ్ళు నొప్పులతో అర్థమవుతుంది. ఆ కథ తెలిశాక ఈ ఘాట్‌ని కేవలం దిగుడుగా చూడలేం.

లంబసింగికి స్థానికంగా కొర్రబయలు అని ఇంకో పేరుంది. డిసెంబరు, జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. మంచు చూడాలని రాత్రికి రాత్రే వందల కార్లు వస్తాయి. ఆ పొగమంచులో, ఆ కార్లకు ఎదురుగా ఘాట్ దిగడం ప్రమాదం. ఎండ బాగా వచ్చాక, తొమ్మిదిన్నర, పది గంటలకు బయల్దేరండి. బ్రేకులు పట్టుకునే ఉండొద్దు, మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదలండి. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులైతే మధ్యలో ఆగి రిమ్ చల్లారనివ్వండి. డౌనూరు దగ్గరికి వచ్చేసరికి కొండ అయిపోతుంది, వేడి గాలి తగులుతుంది.

మరి పాడేరు ఘాట్ ఎందుకు వద్దన్నాను? అందంలో అది దేనికీ తీసిపోదు. కానీ ఇరుకు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, బస్సులు, లారీలు నిండుగా తిరుగుతాయి. లోడు లేని సైకిల్‌తో, అనుభవం ఉన్నవాళ్ళయితే ఎక్కండి. మొదటిసారి టూరింగ్ చేసేవాళ్ళకి నేను చెప్పను.

గేర్ల విషయం. ముందు పెడల్ దగ్గరి పళ్ళ చక్రాల్లో, అంటే చైన్‌రింగుల్లో చిన్నది 34 పళ్ళు లేదా అంతకంటే తక్కువ, వెనుక చక్రం దగ్గరి పళ్ళ చక్రాల వరుస, అంటే క్యాసెట్‌లో పెద్దది 34 లేదా 36 ఉండాలి. ప్యానియర్లతో, అంటే సైకిల్‌కి పక్కన వేలాడదీసే సంచులతో, దానికంటే బరువైన గేర్ పెట్టుకుంటే అనంతగిరిలోనే మోకాళ్ళు పట్టేస్తాయి. వానాకాలంలో కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి, అప్పుడు వెళ్ళొద్దు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

ఘాట్ ఎక్కలేమని భయపడేవాళ్ళకి కూడా ఒక దారి ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు అరకులో ఆగుతుంది. 58 సొరంగాల లైను అది. ముందే పార్సెల్ ఆఫీసుకి వెళ్ళి సైకిల్ బుక్ చేయండి, అరకులో దిగి పాడేరు వైపు తొక్కండి. ఘాట్ ఎక్కకపోతే టూరింగ్ కాదనేవాళ్ళ మాట పట్టించుకోకండి. పైన ఉన్న రెండు మూడు రోజుల దారి మీకు పూర్తిగా దక్కుతుంది. చివర్లో నర్సీపట్నం నుంచి అనకాపల్లి, అక్కడి నుంచి విశాఖ దాకా హైవే, లారీలు, ఎండ. ఆ ముక్క నచ్చకపోతే సైకిల్‌ని బస్సు మీద వేయించుకుని వచ్చేయండి.