జలపాతం పక్కనున్న బండ

అందరికీ నమస్కారం.

జలపాతం దగ్గరికి వెళ్ళగానే అందరి కళ్ళూ దూకే నీళ్ళ మీదే ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పక్కనున్న బండను చూడండి. ధార దాని మీద పడదు, తుంపర మాత్రం రాత్రీ పగలూ తడుపుతూనే ఉంటుంది. మెత్తటి నాచు, ఆ నాచులో కంటికి ఆనీ ఆనని పురుగులు.

టాంజానియాలోని కిహాన్సీ లోయలో అలాంటి తడి చోటే ఒక కప్పకు ఇల్లు. పసుపు రంగు, వేలి కొన మీద కూర్చునేంత ఒళ్ళు. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ప్రపంచం మొత్తంలో దానికున్న చోటల్లా ఆ తుంపర తడిపే కొద్ది ఎకరాలే. 2000 ప్రాంతంలో ఎగువన కరెంటు కోసం ఆనకట్ట కట్టి, దాదాపు 90 శాతం నీళ్ళను మళ్ళించారు. కప్పల జోలికి ఎవరూ పోలేదు, తుంపర తగ్గిపోయిందంతే. గొట్టాలు వేసి నీళ్ళు చిమ్మించారు. కొన్నాళ్ళు కోలుకున్నాయి గానీ, ఆపైన శిలీంధ్ర రోగం సోకింది. 2009కల్లా అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేల్చారు. ముందే అమెరికా జంతుప్రదర్శనశాలలకు చేర్చిన కొన్ని వందల కప్పల సంతతినే 2012లో తిరిగి లోయలో వదిలారు.

అందుకే, చుట్టూ రెయిలింగు కట్టి, టికెట్ కౌంటరు పెట్టి ‘జలపాతాన్ని కాపాడాం’ అంటే నా మనసు ఒప్పుకోదు. కాపాడాల్సింది నీళ్ళ ప్రవాహాన్ని. 1968 అక్టోబరు 2న అమెరికా తెచ్చిన నదుల చట్టం ఈ సంగతి పట్టుకుంది. ఎంపిక చేసిన నదులు స్వేచ్ఛగా పారే స్థితిలోనే ఉండాలంది. మొదట జాబితాకెక్కినవి 8 నదులే. జాబితాలో ఉన్న నదీ భాగాల్లో కొత్త జలవిద్యుత్ ఆనకట్టకు కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదు.

నయాగరా మీద అమెరికా, కెనడాల 1950 ఒప్పందం మరోలా ఉంది. పర్యాటకుల కాలంలో పగటిపూట సెకనుకు కనీసం 1,00,000 ఘనపుటడుగులు వదలాలి, మిగతా వేళల్లో 50,000 చాలు. లెక్కంటూ రాసుకోవడం మంచిదే. కానీ అది చూసేవాళ్ళ వేళల్ని బట్టి వేసిన లెక్క. బండ మీది నాచుకు రాత్రి కూడా తడి కావాలి.

కాబట్టి ఏ నది మీదైనా ప్రాజెక్టు నివేదిక మీ చేతికొస్తే, నడివేసవిలో, అర్ధరాత్రి జలపాతం అంచు మీదుగా ఎన్ని నీళ్ళు పారతాయో అడగండి. ఏడాది సగటు చెబితే ఊరుకోకండి. నాలుగు రోజుల వరద ఆ సగటులో నాలుగు నెలల ఎండను కప్పేస్తుంది. నెలవారీ లెక్క చూపించమనండి.