గుర్రుమనడం మాన్పించిన నెల

అక్క: నమస్కారం. గత భాగం చివర మాట ఇచ్చినట్లుగా, మా కుక్క చుక్కకు మూతి చిక్కం ఎలా అలవాటు చేశామో ఈ రోజు మాట్లాడుకుందాము. తమ్ముడు నా ఎదుట కూర్చున్నాడు. చుక్క పక్క గదిలో ఫ్యాను హోరు నడుమ నిద్రపోతోంది. ఆ ఫ్యాను బయటి చప్పుళ్లు దానికి వినిపించకుండా ఉండటానికని మొదటి నుంచి వింటున్నవారికి తెలుసు.

తమ్ముడు: నీలం గొడుగు సంగతి కూడా తెలుసు.

అక్క: గొడుగును ఈ వారానికి వదిలేద్దాము. చిక్కం విషయంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఏమిటంటే, నోటిని బిగించి మూసేసే గుడ్డ చిక్కాన్ని కాక, లోపల నోరు తెరిచి వగర్చడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండే బుట్టలాంటి దానినే ఎంచుకోవాలి, ఎందుకంటే కుక్క తన ఒంటి వేడిని ప్రధానంగా వగర్చడం ద్వారానే తగ్గించుకుంటుంది. మేము మొదటి వారమంతా దానిని చుక్కకు తొడగనే లేదు. లోపలి అంచుకు మెత్తని తిండి పూసి, అదే వచ్చి మూతి పెట్టేదాకా ఎదురుచూశాము.

తమ్ముడు: అంతకన్నా ముందు పళ్లూ చిగుళ్లూ వైద్యునికి చూపించాలి. నోట్లో నొప్పి ఉన్న కుక్క ఎంత మంచి చిక్కాన్నైనా భరించలేదు.

అక్క: అది కూడా నిజమే.

తమ్ముడు: అది హఠాత్తుగా కరిచిన తరువాతే కదా మనం చిక్కం కొన్నాము?

అక్క: హఠాత్తుగా అనవద్దు.

తమ్ముడు: నీ చేతిలో పళ్లు దిగేదాకా మన ఇద్దరికీ ఏమీ తెలియలేదక్కా. దానిని మరేమనాలి?

అక్క: ఆ రోజును వరుసగా గుర్తు చేసుకో. ఉదయం తలుపు గంట రెండుసార్లు మోగింది. తరువాత కొత్త మనుషులెవరో మెట్ల మీద సామాను మోశారు. మధ్యాహ్నం మనమే దాని గోళ్లు కత్తిరించాము. సాయంత్రం వీధి మలుపులో మరో కుక్క ఎదురైంది. వీటిలో ఏ ఒక్కటైనా విడిగా వచ్చి ఉంటే తట్టుకునేదేమో కానీ, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఆ రాత్రి నేను వెళ్లి దాని మెడపట్టీ పట్టుకున్నాను. అప్పుడు అది పెదవులు నాక్కుంది, తల పక్కకు తిప్పుకుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసింది, ఒళ్లంతా కొయ్యబారింది. అన్నీ చెప్పింది. గుర్రుమనడం ఒక్కటే మిగిలిపోయింది.

తమ్ముడు: ఎందుకు గుర్రుమనలేదో కూడా చెప్పు.

అక్క: అది నువ్వు చెప్పవలసిన మాట.

తమ్ముడు: అంతకు ముందు నెల రోజుల పాటు అది గుర్రుమన్న ప్రతిసారీ నేను గట్టిగా కసిరాను. రెండుసార్లు వెల్లకిలా పడేసి అదిమి పట్టాను. యజమాని పైచేయి చూపించాలని అప్పట్లో మనసారా నమ్మాను. బంధించి ఉంచిన తోడేళ్లు పైచేయి కోసం పోట్లాడుకోవడం చూసి జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశీలనల నుంచి ఆ ఊహ పుట్టిందనీ, 1970లో తన పుస్తకంతో దానిని వ్యాప్తి చేసిన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ తానే 1999లో, అడవిలో తోడేళ్ల గుంపు అంటే సాధారణంగా తల్లిదండ్రులూ వాటి పిల్లలూ కలిసి ఉండే కుటుంబమని దిద్దుకున్నాడనీ ఆ తరువాత చదివాను.

అక్క: పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన సర్వేలో, అలా వెల్లకిలా దొర్లించిన కుక్కలలో 31 శాతం తిరగబడ్డాయని యజమానులే చెప్పారు.

తమ్ముడు: చుక్క నా మీద తిరగబడలేదు, నోరు మూసుకుంది. భయం దాని లోపల అలాగే ఉండిపోయింది, ఆ భయాన్ని చెప్పే మాటను మాత్రం నేను లాగేసుకున్నాను. దాని ఫలితం నీ చేతికి తగిలింది.

అక్క: నా చేయి మానిపోయింది, తమ్ముడూ. మొన్న వంటింట్లో నేను దాని మీదుగా వంగినప్పుడు అది నన్ను చూసి మెల్లగా గుర్రుమంది. నేను వెనక్కి జరిగాను. నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే.

తమ్ముడు: ఆ సంగతి నాకు చెప్పలేదు.

అక్క: ఇప్పుడు చెబుతున్నాను.

తమ్ముడు: వంగినప్పుడు అది కాలు వెనక్కి లాక్కుందా? ఎడమ వెనుక కాలు?

అక్క: మళ్లీ ఆ కాలేనా?

తమ్ముడు: ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం 2020లో, తమ వద్దకు వచ్చే ప్రవర్తన సమస్యలలో తక్కువలో తక్కువ మూడో వంతు కేసులలో ఏదో ఒక నొప్పి ఉంటుందని అంచనా వేసింది. మనం ఆరు నెలల పాటు శిక్షణ లోపమని అనుకున్నాము, ఎక్స్‌రేలో తుంటి కీలు అరుగుదల బయటపడింది. అందుకే నేను అడగడం మానను.

అక్క: అడుగు. అయితే నొప్పికి మందు మొదలైన తరువాత కూడా అది కొత్త మనుషులను చూసి వణికింది కదా. మన ఇంటికి వచ్చేటప్పటికి దానికి ఐదు నెలలు. కుక్కపిల్ల కొత్త మనుషులకూ శబ్దాలకూ సులువుగా అలవాటుపడే కాలం దాదాపు 3 నుంచి 14 వారాల వయసు మధ్యనే గడిచిపోతుంది. ఆ లోటుకు మనం చేయగలిగినది, అది బెదరనంత దూరంలో ఆగి, ఎదుట మనిషి గానీ కుక్క గానీ కనిపించగానే తిండి పెట్టి, వారాల తరబడి ఆ దూరాన్ని అడుగడుగునా తగ్గించడమే.

తమ్ముడు: ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సిటిన్ మందు లేకుండా ఆ దూరం తగ్గేది కాదు. దాని పని తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుందని వైద్యురాలు చెప్పినా, అది తిండి తగ్గించిందని నువ్వు రెండో వారంలోనే మానిపిద్దామన్నావు.

అక్క: అన్నాను. మనిద్దరమే నిర్ణయించకుండా ఆమెకు ఫోన్ చేసి మంచి పని చేశావు. అన్నట్టు, చిక్కం పట్టీ బిగించే దశ గురించి మనం ఇంకా మొదలే పెట్టలేదు.

తమ్ముడు: పట్టీ చెవుల వెనుక ఒరుసుకుంటే అక్కడ కూడా నొప్పి—

అక్క: ఆగు, ఫ్యాను హోరు వినిపించడం లేదు. కరెంటు పోయినట్టుంది. మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్నారు, నువ్వు వెళ్లి దాని పక్కన కూర్చో, నేను రికార్డింగు ఆపేస్తాను.